చేతి గడియారం చెప్పే గుండె లయ: ఎంత నిజం, ఎక్కడిదాకా నిజం?

నిమిషానికి 60 సార్లు కొట్టుకునే గుండె సరిగ్గా సెకనుకోసారి కొట్టుకుంటుందని అనుకుంటాం. ఆరోగ్యమైన గుండె అలా కొట్టుకోదు. ఒక స్పందన నుంచి తర్వాతి స్పందనకు ఒకసారి 940 మిల్లీసెకన్లు పడితే, మరోసారి 1,030 పడుతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఆ ఎడం తగ్గుతుంది, వదిలినప్పుడు పెరుగుతుంది. ఈ హెచ్చుతగ్గులనే డాక్టర్లు హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారు. స్మార్ట్‌వాచీలు, ఉంగరాలు వాడేవాళ్ల నోట అది హెచ్‌ఆర్‌వీ. ఒకప్పుడు గుండె జబ్బుల వార్డుల్లోనో, పెద్ద క్రీడాకారుల శిబిరాల్లోనో మాత్రమే వినబడిన మాట ఇది. ఇప్పుడు పొద్దున లేవగానే ఫోన్ తెర మీద అంకెగా కనబడుతోంది. ఆ అంకె పక్కనే "ఈ రోజు విశ్రాంతి తీసుకోండి", "మీ ఒత్తిడి పెరిగింది" లాంటి సలహాలూ ఉంటున్నాయి.

ఆ అంకెను నమ్మొచ్చా అని వెతికితే పరిశోధనల్లో రెండు రకాల జవాబులు దొరుకుతాయి. వాచీ లెక్క ఈసీజీకి దాదాపు సమానమని కొన్ని అధ్యయనాలు అంటాయి. నాడి లెక్క గుండె లెక్కకు ప్రత్యామ్నాయం కానే కాదని మరికొన్ని అంటాయి. రెండు వైపులా జాగ్రత్తగా పనిచేసిన శాస్త్రవేత్తలే ఉన్నారు. వాళ్లు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదన్నదే ఈ గందరగోళానికి మూలమని నేను అనుకుంటున్నాను. సెన్సర్ స్పందనను సరిగ్గా పట్టుకుందా అన్నది ఒక ప్రశ్న. చేతిలో తగిలే నాడి, ఛాతీలో కొట్టుకునే గుండె ఒకే లెక్కలో నడుస్తాయా అన్నది రెండోది. వచ్చిన అంకెకు యాప్ చెబుతున్న అర్థం సరైనదేనా అన్నది మూడోది. ఒకదానికి దొరికిన జవాబును ఇంకోదానికి అంటగట్టడం వల్లే వాదం చిక్కుబడింది.

వాచీలకు ముందు కథ

ఇంగ్లండ్‌లో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు గుర్రాల రక్తపోటు కొలుస్తూ, ఊపిరితో పాటు రక్తపోటు, నాడి కూడా మారడాన్ని 1733లో రాసిపెట్టాడు. 1847లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ తాను రూపొందించిన కైమోగ్రాఫ్ మీద ఆ మార్పును గీతగా చూపించాడు. 20వ శతాబ్దం మొదట్లో విలెం ఐంథోవెన్ గుండె విద్యుత్తును కాగితం మీదికి తెచ్చాడు. దానికే 1924లో ఆయనకు నోబెల్ వచ్చింది. 1960లు వచ్చేసరికి నార్మన్ హోల్టర్ కృషి వల్ల రోగి ఆసుపత్రి మంచం మీద కాకుండా, తన పనుల్లో తిరుగుతూనే రోజంతా ఈసీజీ తీయించుకునే వీలు కలిగింది. ఆ పరికరాన్ని ఇప్పటికీ హోల్టర్ అనే పిలుస్తున్నాం.

ఈ హెచ్చుతగ్గులు వైద్యానికి పనికొస్తాయని మొదట గుర్తించింది కాన్పుల వైద్యులు. కడుపులో బిడ్డ ఆపదలో పడినప్పుడు గుండె వేగం మారకముందే స్పందనల మధ్య ఎడాల్లో మార్పు వస్తుందని 1960లలో హాన్, లీ గమనించారు. తర్వాత ఎడిన్‌బరోలో యూయింగ్, ఆయన సహచరులు మధుమేహ రోగుల నరాల దెబ్బను పట్టుకోవడానికి చిన్న చిన్న పరీక్షలు తయారుచేశారు. నిమిషానికి ఆరు ఊపిరుల చొప్పున దీర్ఘంగా శ్వాసించమని, గుండె వేగం గరిష్ఠ, కనిష్ఠాల తేడా చూస్తారు. తేడా 15 గానీ అంతకు మించి గానీ ఉంటే మామూలు, 10కి మించకపోతే నరాలు దెబ్బతిన్నట్టు. ఇంత సాదా పరీక్ష ఇవాళ్టికీ ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది.

అసలు మలుపు 1987లో వచ్చింది. గుండెపోటు నుంచి బయటపడిన 808 మందికి 24 గంటల హోల్టర్ పెట్టి క్లైగర్ బృందం ఫలితాలు ప్రకటించింది. రోజంతటి ఎడాల ప్రామాణిక విచలనాన్ని ఎస్‌డీఎన్‌ఎన్ అంటారు. అది 50 మిల్లీసెకన్ల కంటే తక్కువున్నవారిలో మరణాల ముప్పు, 100 దాటినవారితో పోలిస్తే 5.3 రెట్లు. అంతకు ముందే 1981లో ఆక్సెల్‌రాడ్ బృందం ఈ హెచ్చుతగ్గులను పౌనఃపున్యాలుగా విడగొట్టి, వాటి వెనుక స్వయంచాలిత నాడీ వ్యవస్థ పాత్రను చూపించింది. ఎవరికి తోచినట్టు వాళ్లు కొలుస్తుండడంతో యూరప్, ఉత్తర అమెరికా గుండె వైద్య సంఘాలు కలిసి 1996లో ప్రమాణాలు ప్రకటించాయి. కొలిస్తే 5 నిమిషాలు కొలవాలి, లేదా 24 గంటలు కొలవాలి. ఈసీజీని సెకనుకు 250 నుంచి 500 సార్లు నమోదు చేయాలి. ఆ పత్రం నాటికి చేతి గడియారంతో కొలవడం అన్న ఊహే లేదు.

ఇదే కాలంలో ఫిన్లండ్‌లో ఇంకో పాయ నడుస్తోంది. 1977లో మొదలైన పోలార్ సంస్థ, 1982లో ఛాతీ పట్టీతో, తీగలు లేకుండా గుండె వేగం చూపే పరికరాన్ని అమ్మకానికి తెచ్చింది. స్కీయింగ్ క్రీడాకారులకు, పరుగు వీరులకు అది శిక్షణ సాధనమైంది. ఆసుపత్రి అడిగిన ప్రశ్న "ఈ రోగికి ముప్పు ఎంత?" అన్నది. మైదానం అడిగింది "ఈ రోజు గట్టిగా సాధన చేయొచ్చా?" అని. నేటి వాచీలు ఆసుపత్రి నుంచి గౌరవాన్ని తెచ్చుకున్నాయి, వాడకాన్ని మైదానం నుంచి తెచ్చుకున్నాయి. ఈ రెండూ వేరువేరు వారసత్వాలన్న సంగతి ప్రకటనల్లో కనబడదు.

విద్యుత్తును చూసేది, వెలుతురును చూసేది

ఛాతీ పట్టీ, హోల్టర్, ఈసీజీ యంత్రం చూసేది గుండె పుట్టించే విద్యుత్తును. దాని గీతలో ఆర్ అనే మొన సూదిగా ఉంటుంది. ఆ మొన ఏ మిల్లీసెకనులో వచ్చిందో చెప్పడం తేలిక. వాచీ, ఉంగరం చూసేది వెలుతురును. ఆకుపచ్చ దీపమో, ఎరుపో, పరారుణమో చర్మంలోకి కాంతిని పంపుతుంది. గుండె కొట్టిన ప్రతిసారీ చిన్న రక్తనాళాలు కాస్త నిండుతాయి, అప్పుడు తిరిగివచ్చే కాంతి తగ్గుతుంది. ఈ పద్ధతి పేరు ఫొటోప్లెథిస్మోగ్రఫీ, పొట్టిగా పీపీజీ. 1930లలో హెర్ట్జ్‌మన్ మొదలుపెట్టిన పని ఇది. ఆసుపత్రిలో వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ కూడా దీని సంతానమే. పీపీజీ అలకు ఈసీజీలా సూదిమొన ఉండదు, గుండ్రంగా లేచి మెల్లగా దిగుతుంది. ఆ అలకు కొన ఏ మిల్లీసెకనులో ఉందో తేల్చడమంటే ఇసుక దిబ్బకు శిఖరం సరిగ్గా ఎక్కడో గీత గీసి చూపించమన్నట్టు.

సెన్సర్ ఎంత మంచిదైనా తప్పని ఇంకో తేడా ఉంది. గుండె విద్యుత్తు పుట్టాక కండరం ముడుచుకోవాలి, కవాటం తెరుచుకోవాలి, ఒత్తిడి అల ధమనుల వెంట మణికట్టుదాకా ప్రయాణించాలి. ఈ ప్రయాణానికి పట్టే సమయం ప్రతి స్పందనకూ ఒకేలా ఉంటే ఇబ్బంది లేదు. అయితే ఊపిరితో, రక్తపోటుతో, నాళాల బిగువుతో అది మారుతుంటుంది. 1999లో కాన్స్టాంట్ బృందం దీన్ని తిరుగులేకుండా చూపింది. వాళ్లు పరీక్షించినవారిలో పేస్‌మేకర్ ఒకే వేగంతో నడిపిస్తున్న గుండెలు కూడా ఉన్నాయి. ఆ గుండెల్లో హెచ్చుతగ్గులకు తావే లేదు. అయినా వేలి దగ్గర కొలిచిన నాడిలో ఊపిరితో పాటు హెచ్చుతగ్గులు కనబడ్డాయి. గుండె మారకుండానే నాడి మారింది. అందుకే శరీరధర్మ శాస్త్రవేత్తలు వాచీ కొలిచేదాన్ని హెచ్‌ఆర్‌వీ అనకుండా పల్స్ రేట్ వేరియబిలిటీ అని వేరుగా పిలవాలంటారు.

అయిదు మిల్లీసెకన్ల తప్పు ఏం చేస్తుంది?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎవరికి వాచీ తప్పు చెబుతుందో ఇక్కడే తెలుస్తుంది. వాచీలు ఎక్కువగా వాడే కొలత ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ. పక్కపక్క ఎడాల తేడాలను వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే వచ్చే అంకె అది. ఒక్కో స్పందనను గుర్తించడంలో సెన్సర్ అటూ ఇటూ సగటున 5 మిల్లీసెకన్లు తడబడుతుందని అనుకుందాం. పక్కపక్క ఎడాల తేడాలో మూడు స్పందనల తప్పులు కలుస్తాయి, మధ్య స్పందన తప్పు రెండింతలుగా కలుస్తుంది. లెక్క కడితే అసలు విలువ వర్గానికి తప్పు వర్గం ఆరు రెట్లు, అంటే 150, అదనంగా చేరుతుంది. అసలు విలువ 60 ఉన్న కుర్రవాడికి వాచీ 61 చూపిస్తుంది. తేడా లేనట్టే. అసలు విలువ 20 ఉన్న పెద్దాయనకు 23కు పైగా చూపిస్తుంది. 10 మాత్రమే ఉన్న మధుమేహ రోగికి దాదాపు 16 చూపిస్తుంది. ఒకే వాచీ, ఒకే తడబాటు, అయినా ఒకరికి నూటికి రెండు వంతుల తప్పు, మరొకరికి అరవై వంతుల తప్పు. పైగా తప్పు ఎప్పుడూ ఎక్కువ వైపే పోతుంది. నరాలు దెబ్బతిన్న మనిషిని కాస్త ఆరోగ్యవంతుడిగా చూపిస్తుంది.

జారిపోయిన స్పందన సంగతి ఇంకా ఘోరం. నిమిషంపాటు కొలిచి, సెకనుకోసారి కొట్టుకునే గుండెలో ఒక్కటంటే ఒక్క స్పందనను సెన్సర్ వదిలేస్తే, 40 ఉండాల్సిన ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 190 దగ్గరికి ఎగబాకుతుంది. గుండే మధ్యలో ముందుగా ఒక స్పందన వేసినా ఇదే జరుగుతుంది. అలాంటి అకాల స్పందనలు ఆరోగ్యవంతుల్లోనూ మామూలే. కాబట్టి ప్రతి కంపెనీ సాఫ్ట్‌వేర్ అనుమానంగా ఉన్న ఎడాలను ఏరి పారేస్తుంది. తక్కువ ఏరితే తప్పుడు అంకె పెరుగుతుంది, అతిగా ఏరితే నిజమైన హెచ్చుతగ్గులు కూడా పోతాయి. మన ఫోన్‌లోకి వచ్చే అంకెలో సెన్సర్ వాటా ఎంతో, ఈ ఏరివేత వాటా ఎంతో బయటివాళ్లకు తెలియదు.

సెకనుకు ఎన్నిసార్లు నమోదు చేస్తుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బ్యాటరీ మిగలడానికి చాలా వాచీలు సెకనుకు 25 నుంచి 100 సార్లే చూస్తాయి. 25 సార్లు అంటే రెండు చూపుల మధ్య 40 మిల్లీసెకన్లు. గీతను గణితంతో నునుపు చేసి మధ్య బిందువులు నింపితే విశ్రాంతిలో ఇది సరిపోతుందని ప్రయోగాలు చూపించాయి. నింపకపోతే సరిపోదు.

ఎవరి వాదన ఏమిటి?

మొదటి వర్గం క్రీడా శాస్త్రవేత్తలది, పరికరాల కంపెనీలది. వీరి మాట: ఆచరణకు సరిపోయేంత కచ్చితత్వం వచ్చేసింది. 2017లో ప్లూస్ బృందం ఫోన్ కెమెరా మీద వేలు పెట్టి కొలిచినా, ఛాతీ పట్టీతో కొలిచినా ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ ఈసీజీకి ఒప్పుకోదగినంత దగ్గరగా వచ్చిందని చూపింది. 2020లో ఔరా ఉంగరాన్ని 49 మంది మీద ఈసీజీతో పోల్చిన అధ్యయనంలో రాత్రంతటి సగటుకు నిర్ధారణ గుణకం 0.98 వచ్చింది. ఆ రచయితల్లో కంపెనీ మనుషులు ఉన్నారని చెప్పుకోవాలి. అలాగని తీసిపారేసే ఫలితం కాదది. నిద్రలో మనిషి కదలడు, గంటల కొద్దీ సమాచారం వస్తుంది, విడి తప్పులు సగటులో కరిగిపోతాయి.

రెండో వర్గం శరీరధర్మ శాస్త్రవేత్తలది. 2013లో షేఫర్, వాగెడెస్ అప్పటిదాకా వచ్చిన పోలికలన్నీ సమీక్షించి, యువకులు, ఆరోగ్యవంతులు, విశ్రాంతిలో ఉన్నవారు అన్న మూడు షరతులూ కలిస్తేనే నాడి లెక్క గుండె లెక్కకు దగ్గరగా ఉంటుందని తేల్చారు. కాస్త శ్రమ చేసినా, మనసు మీద ఒత్తిడి పడినా రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. 2018లో జార్జియూ బృందం చేసిన సమీక్షలోనూ ఇదే ధోరణి కనబడింది: విశ్రాంతిలో ఒప్పందం చాలా బాగుంది, కదలిక పెరిగేకొద్దీ పడిపోయింది. అదే ఏడాది ఆపిల్ వాచ్‌ను ఛాతీ పట్టీతో పోల్చిన ఎర్నాండో బృందం ఎడాల వరుసలో అక్కడక్కడ ఖాళీలు చూసింది. సాదా సగటు కొలతలు బాగానే నిలిచినా, ఊపిరికి సంబంధించిన వేగవంతమైన హెచ్చుతగ్గులు కొంత తగ్గి కనిపించాయి.

ఈ రెండు వర్గాల మధ్య తగాదాలో సగం గణాంక పద్ధతి గురించినది. పరికరాలు రెండూ కలిసి పెరిగి కలిసి తగ్గితే సహసంబంధం 0.98 వస్తుంది. అంతమాత్రాన ఒక్కో మనిషి విషయంలో ఒకే అంకె ఇస్తున్నాయని అర్థం కాదు. బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో ఇదే హెచ్చరిక చేసి, తేడాల పరిధిని చూడమన్నారు. 20 నుంచి 150 దాకా విలువలున్న మనుషుల్ని కలిపి పోలిస్తే సహసంబంధం ఎప్పుడూ ఘనంగానే ఉంటుంది. కంపెనీ కరపత్రంలో సహసంబంధం మాత్రమే ఇచ్చి, తేడాల పరిధి ఇవ్వకపోతే అది సగం సమాచారమే.

మూడో వర్గం అసలు కొలత అర్థాన్నే ప్రశ్నిస్తుంది. ఈసీజీతో తీసినా సరే, హెచ్‌ఆర్‌వీ మనం అనుకున్నది చెబుతుందా అన్నది వీరి అనుమానం. 1986లో పగానీ బృందం నెమ్మదైన హెచ్చుతగ్గులకు, వేగవంతమైన వాటికి ఉన్న నిష్పత్తి, అంటే ఎల్‌ఎఫ్/హెచ్‌ఎఫ్, ఉద్రేకపు నాడులకు, శాంతపరిచే నాడులకు మధ్య తూకం చూపుతుందని ప్రతిపాదించింది. 1997లో ఎక్‌బర్గ్, 2013లో బిల్‌మన్ ఆ ప్రతిపాదన నిలవదని వాదించారు. వారి వాదన బలం మన ప్రాణాయామంలోనే చూడొచ్చు. నిమిషానికి ఆరు ఊపిరులతో శ్వాసిస్తే, ఊపిరి వల్ల వచ్చే హెచ్చుతగ్గు 0.1 హెర్ట్జ్ దగ్గరికి, అంటే నెమ్మది పట్టీలోకి జారుతుంది. శాంతపరిచే నాడి పుట్టించిన అలలన్నీ అక్కడే పోగుపడతాయి. ఆ నిష్పత్తిని నమ్మితే, కళ్లు మూసుకొని ప్రశాంతంగా కూర్చున్న మనిషి ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క వస్తుంది. 2014లో మాన్‌ఫ్రెడీ బృందం చూపిన ఇంకో సంగతి: గుండె వేగం తగ్గితే చాలు, నాడుల్లో ఏ మార్పూ లేకున్నా హెచ్‌ఆర్‌వీ పెరుగుతుంది. వేగాన్ని లెక్కలోకి తీసుకోకుండా హెచ్‌ఆర్‌వీని విడిగా చదవడం అంత మంచిది కాదు.

మూడు వర్గాల్లో మొదటిది సరైన చోట సరైనదే. రెండోది చెప్పేది వైద్యం వాచీ మీద ఆధారపడాలనుకునే ప్రతి సందర్భంలో వినాలి. మూడోది అందరికంటే తక్కువ వినబడుతోంది, నా లెక్కలో అందరికంటే ముఖ్యమైనది. ఇవాళ వినియోగదారుడికి అందుతున్నది ఎడాల పట్టిక కాదు, ఒత్తిడి స్కోరు. సెన్సర్ నిజం చెప్పినా, స్కోరు అబద్ధం కావచ్చు.

ఒకే పేరు, వేర్వేరు కొలతలు

ఇద్దరు స్నేహితులు తమ హెచ్‌ఆర్‌వీ పోల్చుకునే అలవాటు ఇప్పుడు మామూలైంది. ఒకరి ఆపిల్ వాచ్ చూపేది ఎస్‌డీఎన్‌ఎన్, అదీ రోజులో అప్పుడప్పుడూ ఒక నిమిషం పాటు తీసుకున్న తునకల నుంచి. ఇంకొకరి గార్మిన్, ఫిట్‌బిట్, వూప్, ఔరా చూపేది ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ, అదీ నిద్రలో. నిద్రలోనూ ఒకరు రాత్రంతా సగటు తీస్తారు, ఇంకొకరు గాఢనిద్రకు ఎక్కువ బరువు ఇస్తారు. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం అర్థం లేని పని.

దీనికంటే హాని చేసే పొరపాటు ఒకటుంది. క్లైగర్ చెప్పిన 50 మిల్లీసెకన్ల హద్దు ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా కనబడుతుంది. తన వాచీలో ఎస్‌డీఎన్‌ఎన్ 35 చూసిన 45 ఏళ్ల ఉద్యోగి ఆ హద్దు చదివి, తన గుండె ప్రమాదంలో ఉందని హడలిపోతాడు. ఆ హద్దు గుండెపోటు వచ్చినవారికి, 24 గంటల హోల్టర్ కొలతకు సంబంధించినది. 24 గంటల్లో నిద్ర, మెలకువ, నడక, భోజనం అన్నీ కలుస్తాయి, వాటి మధ్య గుండె వేగంలో వచ్చే పెద్ద మార్పులే ఆ అంకెను పెంచుతాయి. కదలకుండా కూర్చున్న ఒక్క నిమిషంలో ఆ మార్పులు ఉండవు. ఒక నిమిషపు ఎస్‌డీఎన్‌ఎన్ సహజంగానే చిన్నది. 1996 ప్రమాణాలే వేర్వేరు నిడివి కొలతలను పోల్చకూడదని స్పష్టంగా చెప్పాయి. యాప్‌లు ఈ ఒక్క వాక్యాన్ని అంకె కింద రాస్తే ఎన్నో అనవసర భయాలు తప్పుతాయి.

ఏ పరికరం, ఎప్పుడు?

మంచి ఛాతీ పట్టీని, చర్మాన్ని తడి చేసి, బిగుతుగా కట్టుకుంటే విశ్రాంతిలో ఈసీజీకి చాలా దగ్గరి ఫలితం ఇస్తుంది, వ్యాయామంలోనూ నిలబడుతుంది. 2019లో పోలార్ హెచ్10 పట్టీని హోల్టర్‌తో పోల్చిన అధ్యయనం తర్వాత పరిశోధకులే దాన్ని ఇతర పరికరాలకు కొలబద్దగా వాడుతున్నారు. ఫోన్ కెమెరా మీద వేలు పెట్టే పద్ధతి, పొద్దున లేచాక కదలకుండా ఒకటి రెండు నిమిషాలు ఓపిక పట్టేవారికి చవకైన మంచి దారి. ఉంగరానికి రెండు అనుకూలాలు: వేలిలో రక్తనాళాలు ఒత్తుగా ఉంటాయి, పడుకున్నాక వేలు ఎక్కువ కదలదు. మణికట్టు వాచీ రాత్రిపూట దాదాపు ఉంగరంతో సమానంగా నడుస్తుంది. పట్టీ వదులైతే వెనుకబడుతుంది.

పగటిపూట మణికట్టు విషయం వేరు. టైపు చేస్తుంటే, కూరగాయలు తరుగుతుంటే, బండి నడుపుతుంటే చేతి కదలిక పుట్టించే అల నాడి అలకంటే పెద్దదవుతుంది. గుండె వేగాన్ని మాత్రం చెప్పాలంటే సాఫ్ట్‌వేర్ ఎలాగో సగటు తీసి నెట్టుకొస్తుంది. ఒక్కో స్పందన ఎడాన్ని మిల్లీసెకన్లలో చెప్పాలంటే సగటు సాయపడదు. అందుకని చాలా పరికరాలు పగలు కదలిక లేని క్షణాలు ఏరుకొని కొలుస్తాయి. అలా ఏరిన క్షణాలు రోజంతటికీ ప్రాతినిధ్యం వహిస్తాయా అన్న ప్రశ్నకు జవాబు లేదు.

ఇదే కాంతి సెన్సర్ ఇంకో పనిలో బాగా రాణించిందన్న సంగతి కూడా చెప్పుకోవాలి. 4 లక్షల 19 వేల మందికి పైగా పాల్గొన్న ఆపిల్ హార్ట్ అధ్యయనం 2019లో ఫలితాలు ప్రకటించింది. లయ తప్పిందని వాచీ హెచ్చరించిన సమయంలోనే ఈసీజీ కూడా నడుస్తున్నవారిలో, 84 శాతం సందర్భాల్లో నిజంగానే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనబడింది. లయ గజిబిజిగా ఉందా లేదా అన్నది పెద్ద తేడాను వెతికే పని. హెచ్‌ఆర్‌వీ కొలవడం సన్నని తేడాను తూచే పని. మొదటిదానిలో గెలుపును రెండోదానికి రుజువుగా చూపడం సరికాదు. పైగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారిలో స్పందనలు అడ్డదిడ్డంగా పడటం వల్ల హెచ్‌ఆర్‌వీ అంకె చాలా ఎక్కువగా వస్తుంది. దాన్ని మంచి ఆరోగ్యంగా చదివితే ప్రమాదం.

ఒంటి రంగు, చలి, చెమట

చర్మంలోని మెలనిన్ ఆకుపచ్చ కాంతిని గట్టిగా పీల్చుకుంటుంది. ముదురు రంగు చర్మం మీద సెన్సర్‌కు తిరిగివచ్చే కాంతి తగ్గుతుంది, దీపం వెలుగు పెంచి పరికరం సర్దుకోవాలి. 2020లో బెంట్ బృందం ఆరు పరికరాలను 53 మంది మీద పరీక్షించి, గుండె వేగం విషయంలో చర్మపు రంగు వల్ల గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా రాలేదని, పరికరానికీ పరికరానికీ తేడా మాత్రం ఉందని, కదలికలో తప్పు విశ్రాంతిలో కంటే సగటున 30 శాతం ఎక్కువని తేల్చింది. ఇది ఊరటనిచ్చే ఫలితమే. కానీ అది గుండె వేగం గురించి, హెచ్‌ఆర్‌వీ గురించి కాదు. అదే ఏడాది అమెరికా ఆసుపత్రుల సమాచారంతో స్జోడింగ్ బృందం పల్స్ ఆక్సీమీటర్లు నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోవడాన్ని తెల్లవారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపెట్టలేకపోయాయని చూపింది. దశాబ్దాలుగా ఆసుపత్రుల్లో వాడుతున్న కాంతి పరికరంలోనే ఇంత లోపం దాగి ఉంటే, కొత్త పరికరాల గురించి ముందే భరోసా ఇవ్వడం తొందరపాటు.

చలికి, ఏసీ గది చల్లదనానికి వేళ్లలో నాళాలు ముడుచుకుంటాయి, అల బలహీనపడుతుంది. చెమటకు వాచీ జారుతుంది. పచ్చబొట్టు సిరా కాంతిని అడ్డుకుంటుంది. మన వేసవి, మన చర్మం, మన ఆహారపు వేళలు వీటన్నిటితో కలిపి చేసిన పరీక్షలు ఎక్కువ కావాలి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ లెక్క ప్రకారం దేశంలో మధుమేహంతో ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. స్వయంచాలిత నాడులు దెబ్బతినే ముప్పు వీరికి ఎక్కువ. హెచ్‌ఆర్‌వీ వైద్యానికి నిజంగా పనికొచ్చేవారిలో వీరూ ఉన్నారు.

ఇంకా తేలనివి

ఇక్కడికి వచ్చేసరికి మొత్తం వాదంలోని అసలు చిక్కు కనబడుతుంది. ఎవరికి ఈ కొలత అవసరమో, అంటే వృద్ధులు, మధుమేహ రోగులు, గుండె జబ్బువారు, వాళ్ల దగ్గరే సెన్సర్ బలహీనం. వాళ్ల హెచ్చుతగ్గులు చిన్నవి, నాళాలు గట్టిపడినవి, అకాల స్పందనలు ఎక్కువ. సెన్సర్ ఎక్కడ బలంగా ఉందో, అంటే నిద్రపోతున్న ఆరోగ్యవంతుడైన యువకుడి దగ్గర, అక్కడ వైద్యపరమైన అవసరం అంతంతమాత్రం. ప్రచురితమైన పోలికల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకం మనుషుల మీద చేసినవే. బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో, గర్భిణుల్లో, 70 దాటినవారిలో మణికట్టు కొలత ఎంత నిలుస్తుందన్నది గట్టిగా చెప్పే స్థితి ఇంకా రాలేదు.

ఒత్తిడి స్కోర్ల సంగతీ తేలలేదు. హెచ్‌ఆర్‌వీ తగ్గడానికి మనసు బాధ కారణం కావచ్చు, జ్వరం కావచ్చు, రాత్రి ఆలస్యంగా తిన్న భోజనం కావచ్చు, మద్యం కావచ్చు, నిద్రలేమి కావచ్చు. అంకె ఒక్కటే, కారణాలు పది. వాటిలో ఒకదాన్ని ఎంచి "ఒత్తిడి" అని పేరు పెట్టే అధికారం సెన్సర్ ఇవ్వలేదు, యాప్ తీసుకుంది. రోజు రోజు సలహా విలువ గురించి క్రీడారంగంలో కొంత ఆధారం ఉంది. 2007లో కివినియెమీ బృందం హెచ్‌ఆర్‌వీ చూసి సాధన మోతాదు మార్చుకున్నవారికి మేలు జరిగిందని చూపింది. ఆ ఆధారాన్ని ఆఫీసు ఉద్యోగి ఒత్తిడికి వర్తింపజేయడానికి మధ్య చాలా దూరం ఉంది.

చివరి చిక్కు పారదర్శకత. సాఫ్ట్‌వేర్ ఒక్కసారి మారితే గతేడాది చేసిన పోలిక ఈ ఏడాది వాచీకి వర్తించదు. ఎడాల పూర్తి వరుసను బయటపెట్టే కంపెనీలు తక్కువ. అది లేనిదే స్వతంత్ర పరిశోధకులు ఏరివేతలో ఏం జరిగిందో చూడలేరు.

పాఠకులకు చెప్పగలిగింది ఇది. రాత్రి నిద్రలోనో, పొద్దున లేవగానే కదలకుండానో ఒకే పరికరంతో కొలవండి. ఒక రోజు అంకెను పట్టించుకోకండి, రెండు మూడు వారాల సగటు ఎటు పోతోందో చూడండి. పక్కింటివారి అంకెతో, ఇంకో కంపెనీ అంకెతో, 24 గంటల హోల్టర్ హద్దులతో పోల్చుకోకండి. పగటి ఒత్తిడి స్కోరు చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. గుండె దడ, కళ్లు తిరగడం, ఛాతీలో నొప్పి ఉంటే వాచీ ఏం చెప్పినా సరే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎడాల వరుసను, ఏరివేత పద్ధతిని కంపెనీలు బయటపెట్టాలి. ఈ పరికరాలను మన మధుమేహ రోగుల మీద, మన వృద్ధుల మీద, మన చర్మపు రంగుల మీద ఈసీజీ పక్కన పెట్టి పరీక్షించే పనిని హైదరాబాద్, విశాఖ, తిరుపతి వైద్య సంస్థలు చేపట్టాలి. కావలసిన రోగులూ, ఈసీజీ యంత్రాలూ, నిపుణులూ అక్కడ ఉన్నారు.